ఎడమవైపు మూడు డిగ్రీలు

గురువారం పొద్దున నిద్రలేచేసరికే ప్రసాద్ బాబు ఆ రోజు పనులన్నీ మనసులో వరసగా పేర్చుకున్నాడు. గడ్డం గీసుకోవాలి, ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి, మధ్యాహ్నం బోటులో వచ్చే మనిషికి డ్యూటీ అప్పగించాలి, అదే బోటులో వెనక్కి వెళ్ళి చీకటి పడేలోగా మస్కట్ పక్కనున్న మత్రా రేవులో దిగాలి. మర్నాడు శుక్రవారం. గల్ఫులో క్రైస్తవులకు శుక్రవారమే ఆదివారం కనుక, ఆ ఉదయం ఆరాధనలో ఆయన కొడుక్కి బాప్తిస్మం.

అది ఇప్పటికి రెండుసార్లు వాయిదా పడింది. రెండుసార్లూ పిల్లవాడు వచ్చాడు, పాస్టరుగారు వచ్చారు, తండ్రి రాలేదు. ఆయన భార్య మణికుమారి మస్కట్లో ఒక ఆస్పత్రిలో నర్సు. రోగులతో ఎంత మెత్తగా మాట్లాడుతుందో మొగుడితో అంత క్లుప్తంగా మాట్లాడుతుంది. "ఈసారి మీరొస్తే మీరు నిలబడతారు. రాకపోతే మా జ్ఞానాంబక్క మొగుడు నిలబడతాడు. పిల్లాడికి ఎవరైతేనేం, గుర్తుండదు," అని పోయిన సెలవులో తేల్చి చెప్పింది. ఆ చివరి ముక్క ప్రసాద్ బాబు చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది.

ప్రసాద్ బాబు పనిచేసేది ఒడ్డుకు బోటు మీద మూడు గంటల దూరంలో, లోతు సముద్రంలో నూనె బావి తవ్వే తేలే ప్లాట్‌ఫారం మీద. దాని కాళ్ళు నేలకు ఆనవు. అడుగున ఓడల్లాంటి రెండు బోలు దూలాలు నీళ్ళలో మునిగి ఉంటాయి, వాటి మీద లావుపాటి స్తంభాలు, స్తంభాల మీద ఇనుప అరుగు, దాని మీద బావి తవ్వే యంత్రాలూ వంటిల్లూ పడక గదులూ. చుట్టూ లంగర్లు. అడుగున ఉన్న తొట్లలోకి సముద్రపు నీళ్ళు వదలడం, అవసరమైతే తోడేయడం, ఆ విధంగా పై అరుగు అద్దంలా సమంగా ఉండేటట్టు చూడటం ఆయన ఉద్యోగం. ఈ సంగతి వివరంగా ఉత్తరం రాస్తే, కాకినాడలో వాళ్ళమ్మ, కొడుకు సముద్రంలో నీళ్ళు తోడి మళ్ళీ సముద్రంలోనే పోస్తాడని అర్థం చేసుకుని, చాలాకాలం ఆ మాట ఇరుగుపొరుగుకి చెప్పకుండా దాచింది.

ఆ రోజు మామూలు రోజు కూడా కాదు. ప్లాట్‌ఫారం తేలడంలో లోపాలేమైనా ఉన్నాయేమో చూడటానికి బ్రిటన్ నుంచి ఒక సర్వేయరు వస్తున్నాడు. ఆయన్ను వెంటబెట్టుకు రావడానికి మేనేజరు ముందురోజే మస్కట్ వెళ్ళాడు. తవ్వకం ఆపేశారు. అందరూ తుడుపులూ మెరుగులూ పెట్టుకున్నారు. ప్రసాద్ బాబు కూడా తన కంట్రోల్ గదిలో గోడకు బిగించి ఉండే ఇత్తడి రసమట్టాన్ని ఊడదీసి, పౌడరు పెట్టి తళతళలాడేటట్టు తోమాడు. తాపీ మేస్త్రీలు గోడ మీద ఆనించి చూసుకునే రసమట్టానికి అది పెద్దన్నలాంటిది. ప్లాట్‌ఫారం ఏ పక్కకి వాలినా గాజు గొట్టంలో బుడగ ఎత్తుగా ఉన్న పక్కకి జరుగుతుంది. తోమినదాన్ని, తర్వాత బిగిద్దాంలే అని టేబులు మీద పెట్టాడు.

అప్పుడే నేల తుడవడానికి పోచన్న వచ్చాడు. జగిత్యాల పక్క ఊరివాడు, నలభై దాటినవాడు. చెప్పిన పని చేస్తాడు, చెప్పనిది ఇంకా శ్రద్ధగా చేస్తాడు.

"సారూ, గీ టేబులు ఎప్పటిసంది ఊగుతాంది. కాలు కింద ఏమన్న పెడుదునా?"

"పెట్టు పెట్టు," అన్నాడు ప్రసాద్ బాబు. చూపు మాత్రం అద్దంలో, గడ్డం మీద ఉంది.

పోచన్న వడ్రంగి గదికి వెళ్ళి రెండు వేళ్ళ మందాన చెక్క ముక్కలు రెండు తెచ్చాడు. పొట్టిగా ఉన్నది ఒక్క కాలే. కానీ ఒక్కదానికే పెడితే రెండోది కిందైపోతుంది కదా అని ఎడమవైపు కాళ్ళు రెండింటికీ చెరొకటి దూర్చాడు. టేబులు ఊగడం మానింది. బండలా స్థిరంగా, కుడివైపుకి వాలి నిలబడింది.

ప్రసాద్ బాబు గడ్డం గీయడం ముగించి, చొక్కా తొడుక్కుని వచ్చి రసమట్టం చూశాడు. బుడగ ఎడమ చివరికంటా పోయి కూర్చుంది. అంటే ఎడమ పక్క లేచింది, కుడి పక్క దిగింది. కుడివైపు తొట్లలోకి ఎక్కడినుంచో నీళ్ళు చేరుతున్నాయన్నమాట. అదీ సర్వేయరు వచ్చే రోజున, తను వెళ్ళే రోజున. ఇలాంటిది సర్వేయరు కంట పడితే, తను బోటెక్కడం మాట దేవుడెరుగు, ఆ తొట్టిలోకి దిగి వెతకమంటారు.

ఎవరికీ చెప్పకుండా చక్కబెట్టడమే మేలనుకున్నాడు. ఎడమవైపు తొట్ల కవాటాలు తెరిచాడు. సముద్రం లోపలికి వచ్చింది. చాలాసేపటికి బుడగ కదిలింది, నింపాదిగా నడిచి వచ్చి నట్టనడుమ ఆగింది. ప్రసాద్ బాబు కవాటాలు మూసి, దేవునికి స్తోత్రం చెప్పి, పెట్టె సర్దుకోవడానికి కూర్చున్నాడు.

పెట్టెలో మొదటి చొక్కా మడతపెట్టాడో లేదో వంటవాడు ఇమ్మానియేలు గుమ్మంలో నిలబడ్డాడు. అమలాపురం వైపు మనిషి, ఏది చెప్పినా సంతాప సభలో మాట్లాడినట్టు చెబుతాడు.

"బాబుగారూ, పప్పు ఓ పక్కకి వెళ్ళిపోతోందండి."

"పప్పు ఎక్కడికి వెళ్తుందోయ్?"

"ఎడమ పక్కకండి. గిన్నెలో ఎడమవైపు నిండా ఉందండి, కుడివైపు అడుగు కనపడుతోందండి. అట్టు పోస్తే అట్టు కూడా అటే పోతోందండి. ఆయ్."

"పొయ్యి సరిగ్గా లేదేమో చూసుకో. ఇదిగో, రసమట్టం చూడు. బుడగ ఎక్కడుంది?"

ఇమ్మానియేలు వంగి చూశాడు. "మధ్యలో ఉందండి."

"మరి?"

"బుడగ మధ్యలోనే ఉందండి. పప్పు మాత్రం ఎడమవైపే ఉందండి," అని అతను వినయంగా వెళ్ళిపోయాడు. కాసేపటికి మళ్ళీ వచ్చి, తనతో వచ్చి ఒక్కసారి చూడమన్నాడు. వంటింటి కప్పుకి పురికొస కట్టి, దానికి పొడుగాటి ఇనుప గరిటె వేలాడదీశాడు. గరిటె గాలికి ఊగకుండా దాని బుర్ర పప్పు గిన్నెలో మునిగేటట్టు పెట్టాడు. పురికొస గోడకు సమానంగా లేదు, గరిటె గిన్నె మధ్యలోనూ లేదు. ప్రసాద్ బాబు స్కేలు తెప్పించి కొలిచాడు, వేళ్ళ మీద లెక్కవేశాడు. ప్లాట్‌ఫారం ఎడమవైపుకి మూడు డిగ్రీలు వాలి ఉంది.

మళ్ళీ కంట్రోల్ గదికి పరిగెత్తాడు. బుడగ నడుమనే ఉంది. వంటింటికి వచ్చాడు. గరిటె ఎడమ పక్కనే ఉంది. రసమట్టాన్ని నమ్మితే ఏమీ జరగలేదు. పప్పును నమ్మితే మునుగుతున్నారు. ఆయన చదివిన చదువులో రసమట్టం గురించి ఒక పాఠం ఉంది గానీ పప్పు గురించి ఏమీ లేదు.

ఈలోగా తుడుపు గుడ్డల బకెట్టు తనంతట తాను పోచన్న ముందునుంచి జారుకుంటూ వెళ్ళడం, పోచన్న దాని వెంటపడి పట్టుకోవడం, విడిచిపెట్టగానే అది మళ్ళీ బయల్దేరడం జరిగాయి. మూడోసారి అతను బకెట్టును పట్టుకోలేదు. తిన్నగా పడక గదుల వైపు నడిచి, ప్రతి తలుపూ తట్టి, నెమ్మదిగానే చెప్పాడు.

"ముదీర్ లేని యాళ్ళ చూసి ఇది మునుగుతాంది. నాకేం ఎరుక లేదు, మీ సామాన్లు మీరు చూసుకోండ్రి."

ముదీర్ అంటే మేనేజరు. ఆ మాట వినగానే అందరూ మేనేజరు ముందే తెలిసి తప్పుకున్నాడని ఖాయం చేసుకున్నారు. లైఫ్ జాకెట్లు తొడుక్కుని, ఎత్తుగా ఉన్న కుడి అంచుకి చేరి, గొర్రెల మందలా ఒత్తుకుని నిలబడ్డారు. ఒకడు జపాను దుప్పటి చంకన పెట్టుకున్నాడు. పోచన్న ఒక జాకెట్టు తను వేసుకుని, ఇంకోటి తన టేప్ రికార్డరుకి తొడిగాడు. ఇమ్మానియేలు కీర్తన అందుకున్నాడు, రాని వాళ్ళు కూడా పెదవులు కదిపారు.

ప్లాట్‌ఫారం రెండు డిగ్రీలకు మించి వాలితే వెంటనే మస్కట్ ఆఫీసుకి చెప్పాలని నియమం. ప్రసాద్ బాబు రేడియో అందుకున్నాడు. ఓడ ఒక పక్కకి వాలడాన్ని ఆ వృత్తిలో ఇంగ్లీషులో లిస్టు అంటారు. ఎడమ పక్కని పోర్టు అంటారు. ఈ రెండూ ప్రసాద్ బాబుకి తెలుసు. రువీ పేటలో ఉన్న ఆ మస్కట్ ఆఫీసులో రేడియో దగ్గర కూర్చునే గుమాస్తా జహీరుద్దీన్‌కి తెలియదు. హైదరాబాదు మనిషి, మర్యాదస్తుడు, తెలుగు ఉర్దూ కలిపి కమ్మగా మాట్లాడతాడు. అతనికి తెలిసిన లిస్టు సరుకుల లిస్టు, తెలిసిన పోర్టు మత్రా పోర్టు.

"లిస్ట్ టు పోర్ట్. త్రీ డిగ్రీస్. అర్జెంట్," అన్నాడు ప్రసాద్ బాబు.

రేడియోలో ఆ పూట వేరుసెనగలు వేయించినట్టు చప్పుడు. "లిస్టు పోర్టుకు పంపాలె, ఠీక్ హై. త్రీ... క్యా బోలే సాబ్? త్రీ బకరీస్?"

"అవునవును, త్రీ డిగ్రీస్."

జహీరుద్దీన్‌కి ఆశ్చర్యమేమీ కలగలేదు. పెద్ద సాహెబు వస్తున్నాడు, దావతుకి మూడు మేకలు అడుగుతున్నారు, సబబుగానే ఉంది. "ఛోటా యా బడా, సాబ్?"

"ఇంకా పెద్దదవుతున్నట్టుంది."

"బడావాలే. మంచిది. జిందా క్యా?"

ఉన్నవాళ్ళందరూ బతికే ఉన్నారా అని అడుగుతున్నాడనుకున్నాడు ప్రసాద్ బాబు. ఎంత మంచివాడనుకుని రేడియోకి మరింత దగ్గరగా వంగాడు. "అందరూ జిందాయే జహీర్ భాయ్. ఇప్పటికైతే."

"జిందా, బరాబర్. బోట్ నిక్‌లే లోపల్నే ఎక్కిస్త. మీరు ఫికర్ జేయకుండ్రి," అని జహీరుద్దీన్ రేడియో పెట్టేసి, సరుకుల లిస్టు జేబులో పెట్టుకుని, మత్రాలో మేకలమ్మే చోటికి టాక్సీ పిలిచాడు. ఒడ్డున సహాయం కదిలిందన్న ధైర్యంతో ప్రసాద్ బాబు కుర్చీలో కూలబడ్డాడు.

ఆ తర్వాత చాలాసేపు ఆయన బుడగకీ గరిటెకీ మధ్య తిరిగాడు. ఎండ నడినెత్తికి వస్తోంది. దూరంగా నీళ్ళ మీద బోటు చుక్కలా కనిపించింది. దాన్ని చూడగానే ఆయన కంగారుపడి లేవబోయాడు, మోకాలు టేబులుకి గట్టిగా తగిలింది. టేబులు ఒక అడుగు జరిగి ధబ్బున కిందికి దిగింది. కింద నుంచి రెండు చెక్క ముక్కలు బయటికి వచ్చి పడ్డాయి. రసమట్టంలో బుడగ నడుమ నుంచి కుడి చివరికి పరిగెత్తింది.

ప్రసాద్ బాబు చెక్క ముక్కల్ని చూశాడు. టేబుల్ని చూశాడు. బుడగను చూశాడు. పొద్దున్నుంచి జరిగిందంతా ఒక్కసారిగా అర్థమైంది. ప్లాట్‌ఫారానికి పొద్దున ఏ జబ్బూ లేదు. టేబులు వాలింది. టేబుల్ని సమం చేయడానికి తను సముద్రాన్ని తోడి పోసి, ఇన్ని వేల టన్నుల ఇనుమును పక్కకి వంచాడు.

వెంటనే ఎడమ తొట్లు ఖాళీ చేయడానికి పంపులు వేశాడు. కానీ నీళ్ళు రావడం తేలిక, పోవడం కష్టం. ప్లాట్‌ఫారం పెళ్ళికూతురు తలెత్తినంత నిదానంగా లేస్తోంది. వంటింటి గరిటె ఎంత కదిలిందో చూస్తూ, గడియారం పట్టుకుని ఒక కాగితం మీద రాసుకుంటూ, చెమటలు కక్కుతూ ఉండగానే బోటు కిందికి వచ్చి ఆగింది.

మొదట మేనేజరు, ఆయన వెనక సర్వేయరు క్రేను బుట్టలో పైకి వచ్చారు. ఇద్దరూ మూడు గంటలపాటు మూడు మేకలతో ఒకే బోటులో ప్రయాణం చేసిన మనుషుల్లా కనబడుతున్నారు. సర్వేయరు తెల్లని మేజోళ్ళ మీద ఆ ప్రయాణపు గుర్తులు కొన్ని ఉన్నాయి. తర్వాత వలలో మేకలు వచ్చాయి. వల విప్పగానే అవి ఒక్క క్షణం చెవులు నిక్కబొడుచుకుని, మేకలు కనుక, ఎత్తుగా ఉన్న కుడి అంచుకే నడిచి, లైఫ్ జాకెట్ల గుంపులో చేరాయి. పోచన్న ఒకదానికి పక్కకి జరిగి చోటిచ్చాడు.

మేనేజరు ముఖం కందగడ్డలా ఉంది. "ప్రసాద్, ఇదంతా ఏమిటి?" అన్నాడు.

ప్రసాద్ బాబు నోరు తెరిచేలోగా సర్వేయరు చెయ్యెత్తి ఆగమన్నాడు. ఎర్రటి కనుబొమల, సన్నటి మనిషి. వాలిన అరుగును చూశాడు, జాకెట్లు వేసుకుని ఒక పక్క నిలబడ్డ మనుషుల్ని చూశాడు. పంపుల చప్పుడు విన్నాడు. ప్రసాద్ బాబు చేతిలోని గడియారాన్నీ కాగితాన్నీ చూశాడు. ఆ తర్వాత వంటింట్లోకి తొంగిచూసి, పప్పులో మునిగి వేలాడుతున్న గరిటె దగ్గర చాలాసేపు నిలబడ్డాడు.

తేలే ప్లాట్‌ఫారాలకు ఒక పరీక్ష ఉంటుంది. కావాలని ఒక పక్కకి కొంచెం వంచి, మళ్ళీ ఎంత నమ్మకంగా లేస్తుందో తూకం గుండు వేలాడదీసి కొలుస్తారు. గుండు ఊగకుండా దాన్ని నూనె తొట్టిలో ముంచుతారు. ఆ పరీక్ష చేయించడానికే సర్వేయరు అంత దూరం నుంచి వచ్చాడు. ప్రతిచోటా దానికి సిబ్బంది వంద వంకలు పెడతారు. ఇక్కడ తను కాలు పెట్టేసరికే సగం అయిపోయింది.

"నూనె పల్చగా ఉంటుంది. ఇది చిక్కగా ఉంది. గుండు ఇంకా నిలకడగా నిలుస్తోంది," అన్నాడు గరిటె వంక చూస్తూ. "ఏమిటిది?"

"కందిపప్పండి," అన్నాడు ఇమ్మానియేలు తెలుగులోనే.

సర్వేయరు ఆ మాట ఉన్నదున్నట్టు పుస్తకంలో రాసుకున్నాడు. "సిబ్బంది చేత ప్రమాదంలో తప్పించుకునే కవాతు కూడా ఇప్పుడే చేయించారా?" అని మేనేజరును అడిగాడు. మేనేజరు ముఖంలో కందగడ్డ రంగు మెల్లగా దిగిపోయింది. "మా దగ్గర ఇది మామూలే," అన్నాడు ఆయన.

"మరి ఆ మేకలు?"

"అవి కూడా," అన్నాడు మేనేజరు, కొంచెం ఆలోచించి.

ప్లాట్‌ఫారం నిటారుగా నిలిచేసరికి భోజనాల వేళ దాటింది. సర్వేయరు అందరి ముందూ ప్రసాద్ బాబు చెయ్యి పట్టుకుని ఊపాడు. ఈ లెక్క ఖాయం చేయాలంటే ఇదే పరీక్ష కుడివైపుకీ, తర్వాత ముందుకీ వెనక్కీ కూడా చేయాలని, అంతా ఇదే మనిషి చేతి మీదుగా జరగాలని, అందుకు ఒక వారం పడుతుందని చెప్పాడు. డ్యూటీ తీసుకోవడానికి వచ్చిన మనిషిని సాయంగా ఉండమన్నాడు. మేనేజరు ప్రసాద్ బాబు భుజం తట్టి, "నువ్వు లేకుండా ఎలా?" అన్నాడు. ఆ ఉద్యోగంలో చేరిన తర్వాత ఆయన నోటి నుంచి ప్రసాద్ బాబు విన్న మొదటి మంచి మాట అదే.

ఆ మంచి మాట విని ప్రసాద్ బాబుకి కాళ్ళ కింద అరుగు మళ్ళీ వాలినట్టయింది. బోటు కింద తాళ్ళు విప్పుతోంది. జ్ఞానాంబక్క మొగుడు కొత్త ప్యాంటు వేసుకుని పిల్లవాణ్ణి ఎత్తుకున్నట్టు కళ్ళకు కట్టింది. నిజం చెబితే ఉద్యోగం పోవచ్చు. కానీ బోటు దొరుకుతుంది. గదిలోకి వెళ్ళి చెక్క ముక్కలు రెండూ తెచ్చి సర్వేయరు ముందు పెట్టాడు.

"సార్, ఇది నేను కావాలని చేసింది కాదు. ఈ చెక్కలు టేబులు కింద ఉన్నాయి. అందువల్ల రసమట్టం మూడు డిగ్రీలు తప్పు చూపించింది. దాన్ని నమ్మి నేను నీళ్ళు నింపాను. అంతే సార్ జరిగింది."

సర్వేయరు చెక్కల్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. మేనేజరు వైపు తిరిగాడు. "విన్నారా? ముందు రసమట్టాన్ని సరిగ్గా మూడు డిగ్రీలు తప్పించి పెట్టి, పనిముట్టు అబద్ధం చెబితే సిబ్బంది కనిపెడతారా లేదా అని కూడా పరీక్షించాడు. వంటవాడు కనిపెట్టాడు. ఇంతటి పనిచేసి, కావాలని చేయలేదంటున్నాడు." ఆయన గొంతులో నిజమైన గౌరవం ఉంది. "భారతీయుల వినయం గురించి విన్నాను. చూడటం ఇదే మొదటిసారి."

"సార్, వినయం కాదు సార్," అన్నాడు ప్రసాద్ బాబు.

"చూశారా?" అన్నాడు సర్వేయరు.

మేనేజరు మాత్రం చెక్కల్ని చూశాడు, ప్రసాద్ బాబును చూశాడు. ఆయనకి అర్థమైందని ప్రసాద్ బాబుకీ అర్థమైంది. "నువ్విక మాట్లాడకు," అన్నాడు మేనేజరు మెల్లగా, నవ్వు చెదరకుండా.

కింద బోటు నాయకుడు కేక వేశాడు. సీటు ఒకటి ఖాళీగా ఉంది, ఎవరైనా వస్తారా రారా అని. ప్లాట్‌ఫారం మీద మేకల్ని ఉంచే ఏర్పాటు లేదు, కోసే అనుమతీ లేదు. పోచన్న వాటిని ఒక్కొక్కటిగా బుజ్జగించి వల దాకా నడిపించాడు. "పోండ్రి బిడ్డా, పైలం," అని జాగ్రత్తలు చెప్పాడు. ప్రసాద్ బాబు అంచున నిలబడి, ఇస్త్రీ చొక్కాలో, మూడు మేకలు మస్కట్ బయల్దేరి వెళ్ళడం చూశాడు.

బోటు కాగితాల్లో మేకలు తెప్పించిన మనిషి స్థానంలో ప్రసాద్ బాబు పేరుంది. జహీరుద్దీన్ బాధ్యత గల మనిషి. వెనక్కి వచ్చిన సరుకు ఎవరిదో వారి ఇంటికే చేర్చాలనుకుని, మేకల్ని పికప్ బండిలో ఎక్కించి, ఆస్పత్రి క్వార్టర్లో మణికుమారి గుమ్మం ముందు దించి, "సాబ్ పంపిండ్రు" అని చెప్పి వెళ్ళాడు.

శుక్రవారం సాయంత్రం దాకా ప్రసాద్ బాబు ప్లాట్‌ఫారాన్ని కుడివైపుకి వంచుతూనే ఉన్నాడు. పొద్దుగూకే వేళకి రేడియో పలికింది. జహీరుద్దీన్, ఇంటి నుంచి కబురొచ్చిందన్నాడు. చెప్పు చెప్పు అన్నాడు ప్రసాద్ బాబు.

"మేడం బోలీ, బాప్తిస్మం బాగ జరిగిందట. బావగారు నిలబడ్డరట. రెండు మేకలు బిర్యానీ చేసిండ్రట, పాస్టరు సాబ్ గూడ రెండుసార్లు పెట్టించుకున్నడట. ఇట్లాంటి తండ్రి అందరికీ ఉండాలె అని చర్చి అంతా మీ పేరే తల్సిండ్రట. మూడోది బాబుకి మస్తు అల్వాటయిందట, అది పక్కన లేకుంటె అన్నం తింటలేడట. ఇంగ మేడం బోలీ, సాబ్‌కు తొందరేం లేదు, పని చూసుకుని నిమ్మళంగ రమ్మను అని."

ఆ సాయంత్రం రేడియోలో ఎక్కడా చిన్న చప్పుడు కూడా లేదు, ఒక్క అక్షరం పొల్లుపోలేదు.